చెంచాడు తోడు

మొదటి రెండు వారాల్లో సూరిబాబు మూడు కిలోలు తగ్గితే వకుళ సంతోషించింది. నాలుగో వారానికి ఇంకో నాలుగు తగ్గేసరికి ఆమెకి భయం మొదలైంది.

సూరిబాబుకి షుగరు వచ్చి తొమ్మిదేళ్లయింది. కాకినాడ పోర్టుకి వెళ్లే దారిలో ఒక వేబ్రిడ్జి మీద లారీలు తూకం వేయించడం అతని ఉద్యోగం. మాత్రలు వేసుకోమంటే వేసుకునేవాడు, పొద్దున్నే నడవమంటే నడిచేవాడు. అన్నం తగ్గించమంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

"జొన్నరొట్టె తిని కూడా బతకొచ్చు వకుళా. కాదనను. కాని ఎందుకు బతకాలి?" అనేవాడు నవ్వుతూ.

వకుళ సర్పవరం దారిలో ఉన్న ఒక చిన్న ప్రయోగశాలలో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. అన్నం మానలేని మొగుడి కోసం అనలేం గాని, అక్కడ ఆమె మూడేళ్లుగా చేస్తున్న పని మాత్రం అన్నం గురించే. ఒక సాయంత్రం వంటింటి గట్టు మీద ఆరు చెంచాలు వెల్లకిలా వరసగా పేర్చి భర్తకి చూపించింది.

"ఇది అన్నం. ఒక్కో చెంచా ఒక్కో చక్కెర అణువు అనుకోండి. అన్నీ ఒకే వైపు తిరిగి, ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి. మన కడుపులో ఒక కత్తెర లాంటిది ఉంది. సరిగ్గా ఈ పట్టు దగ్గర కత్తిరిస్తుంది. చక్కెర విడిపోయి రక్తంలోకి వెళ్తుంది."

తర్వాత ఒకటి విడిచి ఒకటి చెంచాలు బోర్లించింది.

"ఇది గడ్డి. చక్కెర అదే, పట్టు మారింది అంతే. మన కత్తెర ఇక్కడ దూరదు. ఆవు కడుపులో ఉండే సూక్ష్మజీవుల దగ్గర దీనికి వేరే కత్తెర ఉంది. మన దగ్గర లేదు."

"అంటే నాకు గడ్డి పెడతానంటావు."

"అన్నంలా ఉండే గడ్డి. రుచి మారదు, మెతుకు మారదు. కడుపు నిండుతుంది. షుగరు పెరగదు."

అన్నంలోని పట్టుని తెంపి, బోర్లించి, మళ్లీ అతికించే ఎంజైము ఒకటి వాళ్లు తయారు చేశారు. దాన్ని పెద్ద ఎత్తున తయారు చేయించడానికి పెరుగులో ఉండే రకం సూక్ష్మజీవిలోకి ఆ గుణాన్ని ఎక్కించారు. అది పెరిగాక చంపి, ఆరబెట్టి, పొడి చేస్తారు. పొడి వేడి అన్నంలో వేస్తే పాడైపోతుంది. చల్లారిన పెరుగన్నంలో చిటికెడు కలిపి అరగంట ఉంచాలి. ఏడాదిగా ఎలకలకి పెడుతున్నారు, ఏ ఇబ్బందీ రాలేదు. మనుషుల మీద పరీక్షకి అనుమతి ఇంకా రాలేదు.

"ఎలకల మీద అయ్యింది కదా, ఇక నా మీద చూడు" అన్నాడు సూరిబాబు.

వకుళ రెండు రోజులు కాదంది. మూడో రోజు ప్రయోగశాల పెద్ద పరాంకుశం గారికి చెప్పకుండా ఒక చిన్న సీసాలో పొడి తెచ్చింది. ఆ మధ్యాహ్నం సూరిబాబు రెండు కంచాల పెరుగన్నం తిన్నా షుగరు పెరగలేదు. అతను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. మాత్రలు ఆపేశారు. నెల రోజులు అతను ఆకలి తీరా తిన్నాడు.

ఏడు కిలోలు తగ్గాక వకుళ పొడి ఆపేసింది. మిగిలినది కుళాయి కింద కడిగేసి, భర్తతో గట్టిగా చెప్పింది.

"ఇవాళ్టి నుంచి మామూలు అన్నమే. షుగరు మళ్లీ పెరుగుతుంది. మాత్రలు పాత లెక్కనే వేసుకోండి, మర్చిపోకండి."

"నెల రోజులు మహారాజులా బతికాను, చాలు" అన్నాడతను. మాత్రలు ఒక్క పూట కూడా మర్చిపోలేదు. చెప్పిన మాట వినే మనిషి.

*

ఏప్రిల్ మొదటి వారంలో, మధ్యాహ్నం ఒంటిపూట బడి వదిలే వేళకి మేఖల పడిపోయింది. మేఖల వాళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్లది. బడి పక్కనే ఉన్న క్లినిక్‌కి వకుళ పరుగెత్తుకు వెళ్లేసరికి పిల్ల గ్లూకోజు నీళ్లు తాగి లేచి కూర్చుని ఉంది.

"షుగరు నలభై ఆరు ఉందమ్మా" అన్నాడు డాక్టరు. "పొద్దున్న ఏమీ పెట్టలేదా?"

"ఐదు ఇడ్లీలు తిందండి. నేనే పెట్టాను."

డాక్టరు ఆమెను నమ్మలేనట్టు చూసి, పిల్ల మోచేతిని రెండు వేళ్లతో పట్టుకుని చూపించాడు. ఎముక చేతికి తగులుతోంది. రోజూ చూసే పిల్ల కావడంతో వకుళకి అంతవరకూ తెలియలేదు. పదిహేను రోజులుగా మేఖల ఎంత తిన్నా ఆకలంటోంది, బెల్లం డబ్బా ఖాళీ చేస్తోంది. ఎదిగే వయసు కదా అనుకుంది.

ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాక వకుళ వంటింట్లో నిలబడింది. గట్టు మీద పెరుగు గిన్నె, పక్కనే పొద్దున్న సూరిబాబు బాక్సులో సర్దగా మిగిలిన పెరుగన్నం ఉన్నాయి. వకుళకి పెరుగు పడదు, తింటే జలుబు చేస్తుంది. ఆ ఇంట్లో పెరుగు తినేది తండ్రీ కూతుళ్లే.

దెబ్బలకి రాసే అయొడిన్ సీసా తెచ్చింది. అన్నం మీద అయొడిన్ పడితే నల్లటి నీలం రంగు రావాలి. కుక్కరులోని మెతుకుల మీద ఒక చుక్క వేసింది. వెంటనే నీలంగా మారాయి. పెరుగన్నం మీద వేసింది. టీ రంగు చుక్క టీ రంగులోనే ఉండిపోయింది.

ఇంకో చోట వేసింది. అదీ అంతే.

కుక్కరులోంచి గుప్పెడు అన్నం తీసి, చల్లార్చి, గిన్నెలోంచి ఒక చెంచా పెరుగు కలిపింది. ఆ పెరుగులో ఆమె ఏ పొడీ వేయలేదు. పదిహేను నిమిషాలకి చుక్క వేస్తే ఊదారంగు వచ్చింది. అరగంటకి వేస్తే ఏ రంగూ రాలేదు.

పొడిలో సూక్ష్మజీవులన్నీ చచ్చిపోలేదు. ఏదో ఒక రోజు సూరిబాబు కంచంలో ఉన్న చెంచాతోనే పెరుగు గిన్నెలోంచి ఇంకాస్త వేసి ఉంటుంది తను. ఆ పెరుగులో చెంచాడు తీసి మర్నాటి పాలకి తోడు పెట్టింది. ఆ మర్నాటిది ఆ పై రోజుకి. నెల పైగా ఆ గిన్నెలో అది బతుకుతోంది. పెరుగుతోంది. గిన్నెలోంచి పిల్ల కడుపులో చేరింది. అక్కడ కూర్చుని ఇడ్లీ వచ్చినా, అన్నం వచ్చినా, పిల్ల ఒంటి కత్తెర కన్నా ముందే బోర్లించి అతికించేస్తోంది. పిల్ల కడుపు నిండా తిని పస్తు ఉంటోంది. బెల్లంలో పట్టు వేరు కాబట్టి, పాపం, బెల్లం డబ్బా దగ్గరికి పరుగెడుతోంది.

అక్కడి దాకా ఆలోచించాక వకుళకి ఇంకోటి తట్టింది. నోట్లోంచి చిన్న అరుపు వచ్చింది.

సూరిబాబు కడుపులోనూ అదే ఉంది. అన్నం నుంచి అతనికి ఒక్క చక్కెర అణువు కూడా అందడం లేదు. పైగా తను చెప్పిందని పది రోజులుగా షుగరు తగ్గించే మాత్రలు వేసుకుంటున్నాడు.

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. నాలుగోసారి కూడా ఎత్తకపోతే, పిల్లని ఎదురింటావిడకి అప్పగించి ఆటో ఎక్కింది. దారిలో ఆటో ఆపించి ఒక కిళ్లీ కొట్లో పంచదార అడిగింది. లేదనడంతో కూల్‌డ్రింకు సీసాలు రెండు తీసుకుంది. ఆటోలో కూర్చున్నంతసేపూ ఆ సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతూనే ఉన్నాయి.

వేబ్రిడ్జి దగ్గర వాచ్‌మన్ అప్పలకొండ ఎదురొచ్చాడు.

"సారు లోన పడుకున్నారండి. ఎండకి సొమ్మసిల్లారేమో, రెస్ట్ తీసుకుంటారని లేపలేదండి."

"ఎంతసేపయింది?"

"పన్నెండింటికి బాక్సు తిన్నారండి. అప్పట్నించీ... రెండు గంటలవుద్దేమో."

సూరిబాబు బల్ల మీద తల పెట్టుకుని ఉన్నాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. పిలిస్తే పలకలేదు. కదిపితే ఒక పక్కకి ఒరిగిపోయాడు. కూల్‌డ్రింకు నోట్లో పోస్తే పెదాల చివర నుంచి కారిపోయింది. పక్కనే కడిగిన టిఫిన్ బాక్సు బోర్లించి ఉంది. పెరుగన్నం మొత్తం తిన్నాడు.

*

ఆసుపత్రిలో నరం ద్వారా గ్లూకోజు ఎక్కించారు. సాయంత్రానికి కళ్లు తెరిచాడు. వకుళ వైపు చాలాసేపు చూశాడు.

"నువ్వూ..." అన్నాడు. తర్వాత మాట రాలేదు. వెతుక్కుంటున్నాడు. "నువ్వు... మా..."

"వకుళని."

"ఆఁ. వకుళ" అని తేలిగ్గా నవ్వాడు, ఎవరో దారి చెప్పినట్టు.

మెదడుకి రెండు గంటలు చక్కెర అందలేదని, కొంత వెనక్కి రావచ్చని, కొంత రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఏమైందని అడిగాడు. వకుళ మొత్తం చెప్పింది. చెబుతున్నప్పుడు ఆయన రాయడం ఆపేసి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

ఎదురింటావిడ తీసుకొచ్చి దిగబెట్టిన మేఖల, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అరటిపండు తింటోంది. తల్లి చెప్పిందంతా విని, తినడం ఆపింది.

"అమ్మా, మరి రత్నం ఆంటీ వాళ్లకి?"

"వాళ్లకేంటి?"

"వాళ్ల పెరుగు పులిసిపోయిందంటే నేనే కదా మన గిన్నెలోంచి తోడు పట్టుకెళ్లి ఇచ్చాను. నువ్వే ఇమ్మన్నావు."

నూకరత్నం పై వాటాలో ఉంటుంది. మొగుడు బోటు మీద వేటకి వెళ్తే ఇరవై రోజులకి గాని రాడు. పదకొండు నెలల పిల్లాడు, తను, అంతే. ఈమధ్యే పిల్లాడికి అన్నప్రాశన చేసి మెత్తటి పెరుగన్నం అలవాటు చేస్తోంది. అది కాకుండా, వీధిలో ఆడవాళ్లంతా కలిసి మెయిన్ రోడ్డు మలుపులో చలివేంద్రం పెట్టారు. ఎండలు ముదిరినప్పటి నుంచి రోజూ రెండు కుండల మజ్జిగ పోస్తున్నారు. ఆ మజ్జిగకి పాలు తోడు పెట్టేది నూకరత్నమే.

వకుళ నూకరత్నానికి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ఎదురింటావిడని పంపితే తాళం వేసి ఉందని చెప్పింది. నూకరత్నం పాలు తోడు పెట్టేసి అమ్మగారి ఊరు వెళ్లిందట, పొద్దున్నే వస్తుందట. వకుళ ఆ తర్వాత పరాంకుశం గారికి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.

"అమ్మా వకుళా, ఒక్కరోజు ఆగు. ముందు ఆ పెరుగు నమూనా తీసి చూద్దాం. నువ్వు పొరబడి ఉండొచ్చు. ఊళ్లో ఈ మాట పడితే జనం ఏమైపోతారో ఆలోచించావా?"

"సార్, పొద్దున్న పదింటికి మజ్జిగ పొయ్యడం మొదలుపెడతారు."

"నిన్ను జైల్లో పెడతారమ్మా."

"తెలుసండి."

"నాకూ భయంగానే ఉంది. నన్నేం చెయ్యమంటావు?"

"ఆరోగ్య శాఖ వాళ్లకి మీరు చెప్పండి. నేను చెబితే ఎవరు నమ్ముతారు?"

*

మర్నాడు వకుళ ఆసుపత్రి నుంచి వెళ్లేసరికి చలివేంద్రం దగ్గర పదిహేను మంది దాకా ఉన్నారు. ఆటోవాళ్లు, కూరగాయలు అమ్మే ఆడవాళ్లు, పుస్తకాల సంచులతో ఇద్దరు పిల్లలు. నూకరత్నం చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుని గరిటెతో మజ్జిగ పోస్తోంది.

"రత్నం, ఆపు. పొయ్యకు."

"అక్కా! బావ గారికెలా ఉందక్కా? ఇప్పుడే ఇన్నాను, వద్దామనుకుంటన్నాను..."

వకుళ మొదటి కుండని రెండు చేతులతో తోసేసింది. అది పగిలి మజ్జిగ రోడ్డు మీద తెల్లగా పారింది. రెండో కుండ తొయ్యబోతే ఒకాయన ఆమె భుజం పట్టుకుని లాగాడు.

"పిచ్చెక్కిందా ఏటమ్మా? పుణ్యానికి పోసేది నేలపాలు చేత్తావా?"

"అందులో రోగం ఉంది. నేనే చేశాను దాన్ని" అంది వకుళ.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మళ్లీ చెప్పింది. అన్నం తిన్నా ఒంటికి పట్టకుండా చేసే పురుగు అని, కంటికి కనపడదని, తన ఇంట్లోంచి ఈ మజ్జిగలోకి వచ్చిందని, నిన్న తన భర్త పడిపోయాడని చెప్పింది. జనం ఒక్కొక్కరే చేతుల్లోని గ్లాసుల వైపు చూసుకున్నారు. ఒకావిడ గ్లాసు కింద పెట్టేసి చెంగుతో నోరు గట్టిగా తుడుచుకుంది. ఎవరో బూతు తిట్టారు. వెనక నుంచి ఒక స్టీలు గ్లాసు వచ్చి వకుళ చెవి పక్కన తగిలింది.

నూకరత్నం మాత్రం అరవలేదు. పిల్లాణ్ణి చంకలోంచి దించి రెండు చేతులతో ఎదురుగా పట్టుకుని చూసుకుంది. పిల్లాడి తొడల మీద చర్మం వదులుగా మడతలు పడి ఉంది.

"పది రోజుల్నించీ ఎంత పెట్టినా ఏడుత్తానే ఉన్నాడు" అంది మెల్లగా. "నా పాలు సాలట్లేదనుకున్నాను. దిష్టి తీశాను. ఇంకాస్త అన్నం పెట్టాను." వకుళ వైపు తిరిగింది. "నీ పిల్ల చేతే పంపావు కదక్కా."

"రత్నం, నాకు తెలీదు. నిజంగా..."

"అది తర్వాత. ఇప్పుడాడికి ఏం పెట్టాల? అది సెప్పు ముందు."

"నీ పాలు. ఆవు పాలు కాచి పెట్టు. పాలల్లో చక్కెరని అది పాడు చెయ్యలేదు. అరటిపండు మెత్తగా చేసి పెట్టు, గుడ్డు పచ్చసొన పెట్టు. అన్నం, ఇడ్లీ, బిస్కెట్టు, ఏదీ వద్దు."

నూకరత్నం తల ఊపి పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రి వైపు దాదాపు పరుగు పెట్టింది. వకుళ రెండో కుండ కూడా తోసేసింది. ఈసారి ఎవరూ ఆపలేదు.

*

పరాంకుశం గారు మాట నిలబెట్టుకున్నారు. ఆ మధ్యాహ్నానికే ఆరోగ్య శాఖ వాళ్లు వచ్చారు. మైకు కట్టిన ఆటోలు వీధులన్నీ తిరిగాయి. ఇంట్లో ఉన్న పెరుగూ మజ్జిగా మరగబెట్టి పారబోయమని, బయటివాళ్లకి తోడు ఇవ్వవద్దని, ఇంకొకరి దగ్గర తీసుకోవద్దని చెప్పాయి. ఆ రోజుల్లో ఆ పేటలో ఎవరైనా పిల్లాడు "ఆకలేస్తోంది" అంటే తల్లులు ఉలిక్కిపడేవారు.

రెండు వందల పద్నాలుగు మందిలో అది దొరికింది. టైలరు పని చేసే ఒక పెద్దాయన చనిపోయాడు. ఆయనకి గుండె జబ్బు ముందు నుంచీ ఉందన్నారు, ఇదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేదు. వకుళ ఆయన ఇంటికి వెళ్లింది. వాళ్లు తలుపు తియ్యలేదు. ప్రయోగశాలకి సీలు వేశారు. సూక్ష్మజీవులు పూర్తిగా చచ్చాయో లేదో ప్రతి విడతా పరీక్షించలేదని పరాంకుశం గారు పోలీసులకి తన చేత్తోనే రాసిచ్చారు. వకుళ మీద కేసు పెట్టారు. అది చేరిన మనుషుల్ని కనిపెట్టడానికి ఆమె అవసరం ఉంది కాబట్టి అరెస్టు మాత్రం వాయిదా వేశారు.

దొరికిన వాళ్లందరికీ మందులు ఇచ్చి, నలభై ఐదు రోజులు అన్నం, గోధుమ, దుంపలు మాన్పించారు. పిండి పదార్థం లేకపోతే ఆ సూక్ష్మజీవి ఆకలికి చచ్చిపోతుందని వకుళ నమ్మకం. అలా జరుగుతుందో లేదో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండలేదు.

నలభై ఆరో రోజు ప్రభుత్వాసుపత్రి హాల్లో బల్లలు వేశారు. ఒక్కొక్కరికీ ముందు షుగరు చూసి, అన్నం పెట్టి, గంటకి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే ఆ మనిషి బయటపడ్డట్టు. పెరగకపోతే అది ఇంకా లోపలే ఉన్నట్టు. ఆ గంటసేపు చాలామంది ఎదురుగా ఉన్న ఖాళీ కంచాలనే చూస్తూ కూర్చున్నారు.

నూకరత్నం పిల్లాడితో వచ్చి, వేరే కుర్చీలు ఖాళీగా ఉన్నా, వకుళ పక్కనే కూర్చుంది. నెలన్నరగా ఆమె వకుళతో ఒక్క మాట మాట్లాడలేదు.

"అంకె నువ్వే సూడు" అంది. "నాకు సెప్పు. వాళ్లు ఇంగ్లీషులో ఏదో అంటారు."

నర్సు పిల్లాడి మడమ మీద గుచ్చింది. వాడు ఏడ్చాడు. తినక ముందు డెబ్భై నాలుగు ఉంది.

"నూట ఇరవై ఒకటి" అంది వకుళ. నూకరత్నానికి అర్థం కాక ఆమె మొహంలోకి చూసింది. "పెరిగింది రత్నం. పోయింది. వాడిలో లేదు."

నూకరత్నం పిల్లాడి తల మీద మొహం పెట్టుకుని కదలకుండా ఉండిపోయింది. తర్వాత లేచి, వకుళ చేతిని ఒకసారి తాకి వెళ్లిపోయింది.

మేఖలకి నూట ముప్ఫై వచ్చింది. పిల్ల గెంతుతూ వెళ్లి బయట ఉన్న స్నేహితురాలికి చెప్పింది.

సూరిబాబుకి మాత్రలు లేవు, అన్నం తిని గంట దాటింది. మామూలుగా అయితే అతనికి ఈపాటికి రెండు వందలు దాటాలి. నర్సు అంకె చూసి, ఇంకో వేలు గుచ్చి మళ్లీ చూసింది. మిషను మార్చి మూడోసారి చూసింది. అప్పుడు డాక్టరుని పిలిచింది. డాక్టరు వచ్చి చూసి, మాస్కు పైకి లాక్కుని, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎంతట?" అన్నాడు సూరిబాబు.

అతనే వంగి మిషను మీద చూశాడు. అంకెలు చదవడం ఈమధ్యే మళ్లీ వచ్చింది అతనికి. వేలు పెట్టి ఒక్కోటీ కూడబలుక్కున్నాడు.

"తొం...భై. తొంభయ్యే!" మొహం వెలిగిపోయింది. "చూశావా... నువ్వూ... వకుళా! అన్నం తిన్నాక తొంభై! జన్మలో ఎప్పుడైనా వచ్చిందా?" కంచం ఆమె వైపు జరిపాడు. "ఇంకో ముద్ద పెట్టించవా?"

వకుళ ఆ కంచాన్ని అతని చేతిలోంచి తీసుకుంది. చుట్టూ జనం కుర్చీలు మెల్లగా దూరం జరుపుకుంటున్నారు. ఆమె మాత్రం తన కుర్చీని అతని దగ్గరికి లాక్కుని కూర్చుంది.